రాని పరిహారం మీద రెండు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర గుడ్లూరు మండలం. మా రెండున్నర ఎకరాలు భూసేకరణ నోటిఫికేషన్‌లో ఉన్నాయి. పరిహారం వస్తుందన్న ధీమాతో రెండు రూపాయల వడ్డీకి 12 లక్షలు తెచ్చి కావలిలో ప్లాటుకు అడ్వాన్సు కట్టాను. టిప్పర్ కూడా ఫైనాన్సులో తీసుకుని రామాయపట్నం పోర్టు పనులకు తిప్పుదామనుకుంటున్నా. పాసుపుస్తకం చనిపోయిన నాన్న పేరు మీదే ఉంది. అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారు. పరిహారం దేంట్లో పెట్టమంటారు?

జవాబు: దేంట్లో పెట్టాలో తర్వాత చూద్దాం. ముందు టిప్పర్ మాట మానుకోండి. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నాయి కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నా.

మీరు తెచ్చిన అప్పుకు వడ్డీ నెలకు 24 వేలు, ఏడాదికి 2.88 లక్షలు. నోటిఫికేషన్ పడిందంటే డబ్బు పడినట్టు కాదు. 2025లో మీ పక్కనే ఉలవపాడు మండలం కరేడులో నోటిఫికేషన్ రాగానే రైతులు రోడ్డెక్కారు. రేపు అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, వచ్చినా ఆ సొమ్ము మీ ఒక్కరిదే కాదు. అమ్మకీ చెల్లెళ్లకీ వాటా ఉంది. వారసుల పేర్లు రికార్డుకెక్కించకపోతే, పంపకం తేలేదాకా సొమ్ము ఆగిపోతుంది. వడ్డీ మాత్రం ఆగదు. ప్లాటు అడ్వాన్సు కొంత నష్టానికైనా వెనక్కి తెచ్చుకుని అప్పు తగ్గించండి.

ఇంతకాలం మీ ఇంటికి అత్యవసర నిధి ఆ పొలమే. తిండిగింజలు, గేదెలకు మేత, ఇంట్లో పాలు, ఆపదొస్తే తాకట్టు పెట్టడానికి అదే ఆధారం. అది పోయాక ఇవన్నీ కొనుక్కోవాలి. పక్క పొలాలూ పోతే కూలీ ఉండదు. నెల ఖర్చు 20 వేల నుంచి 28 వేలకు పెరిగినా నాకు ఆశ్చర్యం లేదు. ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు దాచుకోమంటాను. మీకు రెండేళ్లది కావాలి, అంటే 6.72 లక్షలు. పరిహారంలో మొదటి రూపాయి దీనికే. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే కాబట్టి రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీలు వేయండి. పోర్టులో పని దొరుకుతుందిలే అనుకుని దీన్ని తగ్గించకండి.

మిగిలితే అమ్మ పేరున సీనియర్ సిటిజన్ పథకం, కొంత ఇండెక్స్ ఫండ్ (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్). 2013 భూసేకరణ చట్టం కింద వచ్చే అవార్డుకు ఆదాయపు పన్ను లేదు. ధర తక్కువనిపిస్తే మాత్రం డబ్బు తీసుకునేటప్పుడే అభ్యంతరంతో తీసుకుంటున్నట్టు రాసివ్వండి, లేకుంటే ఆ చట్టం 64వ సెక్షన్ కింద ఎక్కువ అడిగే హక్కు పోతుంది. అవార్డు రోజు మీరు అక్కడే ఉంటే అలా అడగడానికి గడువు ఆరు వారాలే.

అప్పు తీరేదాకా టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) ఉండాలి. అది కుదిరేలోపు, మీకు 50 ఏళ్లు దాటకపోతే, ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి బీమా ఈ వారమే బ్యాంకులో కట్టేయండి.