పన్నెండు టైర్ల లారీ కొనాలి, సిబిల్ లేదంటున్నారు

ప్రశ్న: తాడిపత్రి దగ్గర పల్లె మాది. నాకు 22 ఏళ్లు. ఇంటర్ తర్వాత చదువు ఆపి నాలుగేళ్లుగా లారీ మీద పనిచేస్తున్నాను. మొదట క్లీనర్‌గా చేరాను, ఇప్పుడు ఓనరుకు నమ్మకమైన మనిషిని. సిమెంటు ఫ్యాక్టరీ నుంచి బెంగళూరుకు లోడు తీసుకెళ్తాం. జీతం 18 వేలు, బత్తా వేరు. అంతా చేతికే ఇస్తారు. 12 టైర్ల కొత్త లారీ కొనాలన్నది నా కల. బాడీతో కలిపి 42 లక్షలు అవుతుందన్నారు. ముందు 6 లక్షలు కడితే మిగతా 36 లక్షలకు ఫైనాన్స్ వస్తుందని షోరూములో చెప్పారు. తీరా వెళ్తే రెండుచోట్ల సిబిల్ లేదని తిప్పి పంపారు. మూడోచోట నాన్న జామీను, మూడెకరాల భూమి పత్రాలు అడిగారు. నాన్న ఒప్పుకోవడం లేదు. మా మామ తన పేరు మీద లారీ తీసి ఇస్తానంటున్నాడు. కారు లైసెన్స్ తీసుకుని రెండేళ్లయింది, హెవీ ఇంకా తీయలేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ‘అంతా చేతికే ఇస్తారు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. గత ఏడాది జీతం ఒక్కటే లెక్కవేసినా 2 లక్షల 16 వేలు సంపాదించారు. అందులో ఒక్క రూపాయి కూడా మీ పాసుపుస్తకంలో కనిపించదు. ఎండలో, వానలో, ఘాట్ల మీద, టోల్‌గేట్ల దగ్గర నాలుగేళ్లు పడిన కష్టం ఎక్కడా రాసి లేదు. బ్యాంకు మేనేజరు కంప్యూటర్‌లో మీ పేరు కొడితే నిన్నగాక మొన్న పుట్టిన మనిషిలా కనిపిస్తారు. సిబిల్ అంటే తీసుకున్న అప్పులు ఎలా కట్టారో చూసి వేసే స్కోరు. అది లేదంటే మీరు ఎగవేతదారు అని కాదు. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. ఎప్పుడూ అప్పు తీసుకోనివారికి ఆ అంకె ఉండాల్సిన చోట మైనస్ ఒకటి అని వస్తుంది. మీ గురించి చెడు ఏమీ లేదు, మంచీ లేదు. చెడిన స్కోరును బాగు చేయడం కంటే లేని స్కోరును తెచ్చుకోవడం చాలా తేలిక.

సూటిగా చెప్పేస్తాను. ఈ ఏడాది ఆ లారీ కొనకండి. మామ పేరు మీద అసలే కొనకండి. కల మానుకోమనడం లేదు. 26, 27 ఏళ్లకు మీ పేరు మీదే, నాన్న భూమి జోలికి వెళ్లకుండా కొనగలరని నమ్మే ఈ మాట చెబుతున్నాను.

ముందు ఒక పెన్సిలు, కాగితం తీసుకోండి. 36 లక్షలు, ఐదేళ్లు, 60 కంతులు. మంచి చరిత్ర ఉన్న లారీ యజమానికి 11 శాతానికి దొరికిందనుకుందాం, నెలకు సుమారు 78 వేల 270 రూపాయలు కట్టాలి. మొదటిసారి కొనేవారికి, స్కోరు లేనివారికి వడ్డీ ఎక్కువ వేస్తారు. 14 శాతం వేస్తే నెల కంతు సుమారు 83 వేల 770. ఈ మూడు శాతం తేడాకు ఐదేళ్లలో మీరు అదనంగా కట్టేది 3 లక్షల 30 వేల దాకా ఉంటుంది. కాగితం మీద కనిపించకపోవడానికి మీరు చెల్లించే ధర అది.

ఇక ముందు కట్టాల్సిన 6 లక్షలు. అది మీ దగ్గర ఉందని ఎక్కడా రాయలేదు కాబట్టి ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారని అనుకుంటున్నాను. ఏడాదికి 24 శాతం. నెలకు 12 వేలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. రెండూ కలిపితే దాదాపు 96 వేలు. నెలకు 8 ట్రిప్పులు పడ్డాయనుకోండి, ప్రతి ట్రిప్పు నెత్తిన 12 వేల అప్పు కూర్చుంటుంది. తాడిపత్రి నుంచి బెంగళూరు వెళ్లి రావడానికి దాదాపు 540 కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చినా 135 లీటర్ల డీజిల్ కావాలి. లీటరు 97 రూపాయలు వేసుకుంటే 13 వేలు దాటుతుంది. అంటే క్లీనరు జీతం, బత్తా, టోలు, హమాలీ, పొగను శుభ్రం చేయడానికి పోసే యాడ్ బ్లూ ద్రవం, సర్వీసు ఏవీ లెక్కలోకి రాకముందే ఒక్కో ట్రిప్పుకు 25 వేలు ఖర్చు. 12 ట్రిప్పులు పడితే అప్పు భారం ట్రిప్పుకు 8 వేలకు తగ్గుతుంది, నిజమే. కానీ నెలకు 12 ట్రిప్పులు పడటం మీ చేతిలో ఉందా? ఫ్యాక్టరీ గేటు బయట వరుసలో రెండు రోజులు నిలిచిన సందర్భాలు మీకు నాకంటే బాగా తెలుసు. వానాకాలంలో కట్టుబడి పనులు తగ్గితే లోడ్లూ తగ్గుతాయి. బెంగళూరు నుంచి రిటర్న్ లోడు దొరకని రోజు ఖాళీగా రావాలి.

మీ ఓనరు లారీకి నెలకు ఎంత మిగులుతోందో చూసే మీకు ఆశ పుట్టి ఉంటుంది. ఆయన బండి కంతులు ఎప్పుడో తీరిపోయాయేమో కనుక్కోండి. తీరిన బండి మిగులును చూసి కొత్త బండి కంతు లెక్కవేస్తే మోసపోతాం. టైర్ల ఖర్చు కూడా ఆయన మీ ముందు లెక్కచెప్పి ఉండరు. ఒక్కో టైరు 20 వేలకు తక్కువ రాదు. పన్నెండూ మార్చే ఏడాది 2 లక్షల 40 వేలు సిద్ధంగా ఉండాలి. బీమాలో థర్డ్ పార్టీ భాగం, అంటే మీ బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టేది ఒక్కటే, 20 నుంచి 40 టన్నుల మధ్య బరువున్న బండికి, 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం 43 వేల 950. సొంత బండి నష్టానికి కట్టేది వేరు. ఓవర్‌లోడు వేసి ఈ లోటు పూడ్చుకుందామని ఎవరైనా చెబితే వినకండి: చట్టం ప్రకారం జరిమానా 20 వేలు, ఆపైన అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ 2 వేలు.

అనంతపురం శివారులో ఫైనాన్సువాళ్లు పట్టుకొచ్చిన బండ్లను నిలిపే ఖాళీ స్థలం ఒకటి ఉంది. కిందటి వేసవిలో ఒక కుర్రాడికి తోడుగా అక్కడికి వెళ్లాను. పదకొండు కంతులు సక్రమంగా కట్టినవాడు. పన్నెండో నెలలో ఇంజిన్ పని వచ్చి బండి ఇరవై రోజులు షెడ్డులో నిలిచిపోయింది, ఆ తర్వాత కోలుకోలేకపోయాడు. లారీ ముందు అద్దం పైన ఇద్దరు పిల్లల పేర్లు పసుపు రంగుతో రాయించుకున్నాడు. కట్టిన నిమ్మకాయలు నల్లగా ఎండిపోయి ఉన్నాయి. వెనక రెండు టైర్లలో గాలి లేదు. క్యాబిన్ ఎక్కి స్వామి పటం ఒక్కటి తీసుకుని, చొక్కా అంచుతో దుమ్ము తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. బండిని వేలం వేశాక కూడా బాకీ తీరలేదు. మిగిలినది అతని మీదా, జామీను ఉన్న అన్న మీదా పడింది. నాన్న ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆ రోజు నాతో ఉండి ఉంటే మీకు అర్థమయ్యేది.

మామ పేరు మీద బండి ఎందుకు వద్దన్నానో చెబుతాను. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో యజమాని వారే. ప్రమాదం జరిగితే కోర్టు నోటీసు ఆయనకు వస్తుంది. ఒక కంతు తప్పితే ఆయన స్కోరు దెబ్బతింటుంది. మీరు అరవై నెలలూ ఒక్క రోజు ఆలస్యం లేకుండా కట్టినా ఆ మంచిపేరు కూడా ఆయన ఖాతాలోకే పోతుంది. మీకు మళ్లీ మైనస్ ఒకటే. కష్టం మీది, చరిత్ర ఇంకొకరిది. ఇప్పటికే నాలుగేళ్లు అలా పోయాయి.

ఇక చేయాల్సిన పనులు. మొదటిది హెవీ లైసెన్స్. రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి, లైట్ లైసెన్స్ తీసుకుని కనీసం ఏడాది కావాలి. మీకు రెండూ ఉన్నాయి, ఇంకా ఎందుకు ఆగారు? ‘నమ్మకమైన మనిషిని’ అని రాశారు, రాత్రిపూట స్టీరింగ్ మీ చేతికి వస్తోందేమోనని నా భయం. అదే నిజమైతే ఇవాళే మానేయండి. తగిన లైసెన్స్ లేనివారు నడిపిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులు దులుపుకోవచ్చు, లేదా పరిహారం కట్టి ఆ సొమ్మును ఓనరు నుంచి రాబట్టుకోవచ్చు. కేసు మీ మీద ఉంటుంది. హెవీ లైసెన్స్ చేతికి వస్తే జీతం పెంచమని అడిగే హక్కు కూడా వస్తుంది.

రెండోది, జీతం బ్యాంకులో పడాలి. ఓనరును ఇలా అడగండి: ‘అన్నా, జీతం ఇకమీదట ఫోను ద్వారా నా ఖాతాకు పంపు. బత్తా మాత్రం చేతికివ్వు.’ ఆయనకు ఖర్చు లేని పని, కాదనరు. అదే ఖాతాలో నెలకు 7 వేల 500 చొప్పున రికరింగ్ డిపాజిట్ పెట్టండి. తిండి బత్తాలో గడుస్తోంది, ఇల్లు నాన్నది కాబట్టి ఇది సాధ్యమే. రెండేళ్లకు వడ్డీతో కలిపి 2 లక్షలకు చేరువవుతుంది. 20 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి దాని మీద క్రెడిట్ కార్డు అడగండి; స్కోరు లేకపోయినా ఇస్తారు. రీచార్జి, కరెంటు బిల్లు లాంటి చిన్న ఖర్చులకే వాడి, గడువులోగా మొత్తం కట్టేయండి. ఆరు నెలలు తిరిగేసరికి మీకూ ఒక స్కోరు మొదలవుతుంది. ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా చూసుకోవచ్చు. ఫోనులో నిమిషంలో అప్పు ఇస్తామనే యాప్‌ల జోలికి పోకండి. వారంలో నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టడం కూడా స్కోరుకు మంచిది కాదు, ఇప్పటికే మూడుచోట్ల అడిగారు, చాలు. పన్ను పడకపోయినా ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయండి. రెండేళ్ల రిటర్నులు చూపితే బ్యాంకులో మాట్లాడే తీరే మారుతుంది.

మూడోది, పెద్ద లారీకి ముందు చిన్న బండి. ఇది మీకు నచ్చదని తెలుసు. కానీ మీ చుట్టూ చూడండి. పుట్లూరు, నార్పల వైపు అరటి తోటలు, అనంతపురం మార్కెట్‌కు వచ్చే చీనీ కాయలు, తాడిపత్రి నల్లబండలు, వీటన్నింటికీ దగ్గరి దూరాలకు పికప్ బండ్లు కావాలి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని లైట్ లైసెన్స్‌తోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 10 లక్షల బండికి మీ 2 లక్షలు పోను 8 లక్షల అప్పు, 12 శాతం వడ్డీ, నాలుగేళ్లు అనుకుంటే నెల కంతు 21 వేలు. ఒక నెల లోడ్లు తగ్గినా జీతానికి వేరే బండి నడిపి ఆ కంతు కట్టగలరు. 83 వేలు అలా కట్టలేరు.

దీనికి ముద్ర రుణం, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద బ్యాంకులు ఇచ్చే అప్పు, అడగవచ్చు. తాకట్టు లేకుండా 10 లక్షల వరకు ఇస్తారు, చిన్న సరుకు రవాణా బండ్లు దాని పరిధిలోనే ఉన్నాయి. ముద్రలోనే పెద్ద మొత్తాలకు ఉన్న ‘తరుణ్’ విభాగంలో తీసుకుని సక్రమంగా తీర్చినవారికి ఆ పరిమితి 20 లక్షలకు పెరుగుతుంది. నేరుగా బ్యాంకు శాఖకు వెళ్లండి, మధ్యలో కమీషన్ అడిగేవారిని దగ్గరికి రానివ్వకండి.

ఎక్కడ అప్పు తీసుకున్నా సంతకానికి ముందు రెండు విషయాలు. వడ్డీ ‘ఫ్లాట్’ అంటే జాగ్రత్త. ఐదేళ్లకు 7 శాతం ఫ్లాట్ అని చెప్పే అప్పు నిజానికి పన్నెండున్నర శాతానికి సమానం, ఎందుకంటే తీరిన అసలు మీద కూడా వడ్డీ వేస్తూనే ఉంటారు. రెండోది, అప్పు మొత్తం ఖర్చును ఏడాది శాతంగా చూపే ముఖ్యాంశాల పత్రం 2024 అక్టోబరు నుంచి తప్పనిసరి. అది మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. తెలుగులో ఇవ్వమని అడగండి, మొహమాటపడకండి. అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది; మీకు చెప్పిన 42 లక్షలు ఏనాటి ధరో కనుక్కోండి.

ఇంకొక పని ఈ నెల నుంచే మొదలుపెట్టండి. వంద పేజీల నోటుబుక్కు కొని ఓనరు లారీ ప్రతి ట్రిప్పునూ రాయండి: బాడుగ ఎంత, డీజిల్ ఎన్ని లీటర్లు, కాటా బరువు ఎంత, గేటు దగ్గర ఎన్ని గంటలు నిలిచారు, రిటర్న్ లోడు ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చింది, డబ్బు ఎన్ని రోజులకు చేతికొచ్చింది. ఒక ఏడాది రాస్తే అందులో వానాకాలం కూడా వస్తుంది. ఆ పుస్తకంలో అన్నిటికంటే అధ్వానంగా ఉన్న నెలను తీసుకుని, ఆ నెల మిగులు పెద్ద లారీ కంతుకు సరిపోతుందో లేదో చూడండి.

ఆ నోటుబుక్కు నిండాక నాన్న పక్కన కూర్చుని పేజీ పేజీ చదివి వినిపించండి. అప్పటిదాకా ఆయన్ని భూమి పత్రాలు అడగకండి. ఆ రోజు కూడా అడగవలసిన అవసరం ఉండకపోవచ్చు.