జీపు బాడీ పని మొదలుపెట్టే ముందు, అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పాత మహీంద్రా జీపు కొన్నావనీ, బాడీ పని ఇంటి దగ్గర నువ్వే చేసుకుంటానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం రా. వద్దనడానికి రాయడం లేదు. జీపు బాడీ ఇంట్లో చేసుకోదగ్గ పనే. ఛాసిస్, అంటే అడుగున బండిని మోసే ఇనుప చట్రం, వేరు, బాడీ వేరు. మధ్యలో రబ్బరు ముక్కలు పెట్టి బోల్టులతో బిగిస్తారు. రేకులు కూడా చాలావరకు బల్లపరుపుగానే ఉంటాయి కాబట్టి ఓపికుంటే కొత్తవాడి చేతికీ లొంగుతాయి.

అయితే నువ్వు చూసే వీడియోల్లో బళ్లు ఎడారి ఇసకలోనో కొండల మీదో తిరిగేవి. మనది కోనసీమ. సముద్రం నుంచి ఉప్పు గాలి, ఏడాదిలో సగం రోజులు తేమ, పుంత రోడ్ల బురద, రొయ్యల చెరువుల గట్ల మీద ఉప్పు నీళ్లు. అందుకని బండికి ఏం తగిలించాలనిపించినా ముందు ఒకటే చూసుకో: అక్కడ పడ్డ నీరు ఎటు పోతుంది? నీరు పోయే దారి కనపడకపోతే ఆ పని మానెయ్.

ముందు సీట్లు విప్పి, మ్యాట్లు తీసెయ్. స్క్రూడ్రైవర్ పట్టుకుని ఫ్లోరు రేకు అంగుళం అంగుళం పొడుస్తూ వెళ్లు. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా మొన సులువుగా దిగిపోతుంది. డ్రైవరు కాళ్ల కింద, వెనక చక్రాల పైనుండే రేకు ఫ్లోరుతో కలిసే మూల, బాడీని మోసే రబ్బరు ముక్కల చుట్టూ మరీ జాగ్రత్తగా చూడు. బురద చేరి ఆరకుండా ఉండేది అక్కడే.

తుప్పు ఉన్నచోట మంచి ఇనుము తగిలేదాకా కోసెయ్యాలి. తుప్పు మీద కొత్త రేకు అతికితే రెండు రేకుల మధ్య తేమ కాపురం పెడుతుంది. ఫ్లోరుకి 18 గేజ్ రేకు, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం, సరిపోతుంది. ఇంత పల్చటి రేకుని మామూలు రాడ్డు వెల్డింగుతో అతికితే చిల్లులు పడతాయి. సన్నటి తీగతో అతికే మిగ్ వెల్డింగ్ మిషను ఉన్నవాణ్ని ఒక పూట పిలిపించుకో. కోతలు, కొలతలు నువ్వే చేసి ఉంచితే ఖర్చు తక్కువ. ఒకే గీతగా లాగనివ్వకు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టించి, చల్లారాక మధ్యలో నింపించు. లేకపోతే వేడికి రేకు వంకర తిరుగుతుంది.

వెల్డింగ్ మొదలయ్యే ముందు బ్యాటరీ వైర్లు రెండూ విప్పెయ్, లేకపోతే ఆల్టర్నేటర్ పోయే ప్రమాదం ఉంది. డీజిల్ ట్యాంకు దింపి దూరంగా పెట్టు. ఖాళీ ట్యాంకే కదా అని అశ్రద్ధ చెయ్యకు, లోపలి ఆవిరి అంటుకుంటే పేలుతుంది. జింకు పూత రేకు అయితే అతికే అంచున పూత గీకెయ్యాలి. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలి, జ్వరం రావచ్చు.

ఇప్పుడు అందరూ మోజుపడే అల్యూమినియం గళ్ల ప్లేటు సంగతి. ఫ్లోరు మీద పరిచి రివెట్లు కొడితే చూడ్డానికి బాగుంటుంది. మన ఊళ్లో మాత్రం వద్దంటాను. అల్యూమినియం, ఇనుము ఒకదానికొకటి తగిలి మధ్యలో ఉప్పు నీరు చేరితే లోహం తినుకుపోతుంది. ప్రతి రివెట్టూ ఒక చిల్లే, అందులోంచి నీరు కిందికి దిగుతుంది, పైకి ఏమీ కనపడదు. దాని బదులు పెయింటు గట్టిగా వేసి, తీసి ఆరబెట్టుకునే రబ్బరు మ్యాటు వేసుకో. ఫ్లోరులో పల్లం ఉన్నచోట నీరు పోయే రంధ్రాలు, వాటికి రబ్బరు బిరడాలు ఉండాలి.

పెయింటు దగ్గర తొందరపడకు. ఉప్పుకాగితంతో రుద్ది, నూనె జిడ్డు తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్, అంటే తుప్పు పట్టకుండా కాపాడే అడుగు పూత, కొట్టు. గుంటలు పూడ్చే పుట్టీ వేసేది దాని మీదే. ఉత్త రేకు మీద పెడితే పుట్టీ తేమ పీల్చి అడుగున తుప్పు పుట్టిస్తుంది. అతుకుల్లోకి నీరు దిగకుండా వాటి మీద సీలర్ రాయి. ఈ పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. పొద్దున్న మంచు తడి పూర్తిగా ఆరాక మొదలుపెట్టి, ఎండ తగ్గే లోపు ముగించు. ముసురు పట్టిన రోజున చెయ్యి పెట్టకు. పై కోటు మెరుపు కోసం గట్టిపడే మందు కలిపి కొట్టే పెయింటు మాత్రం ఇంట్లో వద్దు. అందులోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు విషం, గుడ్డ మాస్కు వాటినేమీ ఆపలేదు. ఆ ఒక్క పని పెయింటు బూత్‌లో చేయించు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ముందు తగిలించే ఇనుప బుల్ బార్లు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఇప్పుడు ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు కూడా పడొచ్చు. రంగు మారిస్తే ఆర్సీలో మార్పించుకోవాలి. ఛాసిస్ నంబరు ఉన్నచోట గ్రైండర్ తగలనివ్వకు.

జరిమానా కంటే నాకు కాలవ భయం ఎక్కువ. కాలవ గట్టు రోడ్లు నీకు తెలియనివి కావు. ఎదురుగా లారీ వస్తే అంచున మెత్తటి మట్టి మీదికి దిగాల్సిందే. టాపు మీద క్యారియరు, దాని మీద బరువు పెడితే బండి ఒరగడానికి ఎంతోసేపు పట్టదు. వెనకా పక్కలా గ్రిల్స్ వెల్డింగ్ చేయిస్తానన్నావట. వద్దురా. బండి నీళ్లలో పడితే బయటికి రావడానికి దారి ఉండాలి. సామాను పోతుందని భయమైతే లోపలి నుంచి చేత్తో తీయగలిగే గడియ పెట్టించు.

పని పూర్తయ్యాక అంతర్వేది బీచ్‌కో, ఓడలరేవుకో వెళ్తావు, ఆగవని తెలుసు. వచ్చిన రోజే అడుగు భాగం కడుగు. మన తీరపు ఊళ్లలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ప్రయోజనం లేదు. కాలవ నీళ్లో, కుళాయి నీళ్లో వాడు. చక్రాల పైభాగాన, ఛాసిస్ సందుల్లో పైపు పెట్టి, బురద రంగు పోయి తేట నీళ్లు కారేదాకా కొట్టు.

ఫ్లోరు పొడిచి చూశాక, చిల్లులు పడ్డ చోటల్లా సుద్దముక్కతో గుండ్రం గీసి ఫోటోలు పంపు. ఎక్కడి దాకా కొయ్యాలో చూసి చెబుతాను. అప్పటిదాకా రేకు కొనకు.

మీ మావయ్య