నీట్ ఫిజిక్స్ సొంతంగా చదివేటప్పుడు ఏ అధ్యాయం ముందు?

తమ్ముడూ, బైపీసీ అయ్యాక కోచింగ్ లేకుండా ఇంట్లోనే నీట్‌కి చదువుతున్నానని, పగలంతా ఉప్పల్‌లో నాన్న కిరాణా షాపులో కూర్చోవడం వల్ల ఫిజిక్స్‌కి రోజుకు రెండు గంటలే దొరుకుతున్నాయని రాశావు. ఆరు నెలలుంది, 20 యూనిట్లున్నాయి, ఏవి ముందు చదవాలి, ఏవి వదిలేయాలి అని అడిగావు. నేను 2018లో, 2019లో రెండుసార్లు ఈ పరీక్ష రాశాను. ఫిజిక్స్‌లో మొదటిసారి 180కి 38, రెండోసారి 117. పుస్తకాలు అవే, కోచింగ్ రెండుసార్లూ లేదు. చదివిన వరస మార్చాను. అందుకే నీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

మొదటిసారి పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. యూనిట్లు, వెక్టర్లు, చలనం దాటి భ్రమణ చలనం దగ్గర ఇరుక్కుపోయాను. ఆ ఒక్క అధ్యాయం ఏడు వారాలు తినేసింది. అర్థం కాని ప్రతిసారీ నాకే తెలివి లేదనుకుని మళ్లీ మొదటి నుంచి చదివేదాన్ని. పరమాణువులు, కేంద్రకాలు, అర్ధవాహకాలు పరీక్షకు మూడు వారాల ముందు తెరిచాను. ఎంత తేలిగ్గా ఉన్నాయో చూసి ఏడుపొచ్చింది. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ శక్తి కావాలంటే 13.6ని కక్ష్య సంఖ్య వర్గంతో భాగించి ముందు మైనస్ పెట్టాలి, అంతే. రెండో కక్ష్యలో మైనస్ 3.4, మొదటి దాంట్లో మైనస్ 13.6, కాబట్టి ఎలక్ట్రాన్ కిందికి దిగితే 10.2 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ బయటికొస్తుంది. మూడు అర్ధాయువులు గడిస్తే మిగిలేది ఎనిమిదో వంతు. లాజిక్ గేట్లయితే పట్టికలే. వీటికి వెనకటి అధ్యాయాల అవసరం చాలా తక్కువ. నువ్వు వీటిని మొదటి నెలలోనే పూర్తి చెయ్యి. మార్కుల కోసమే కాదు, ఫిజిక్స్ నావల్ల అవుతుందన్న ధైర్యం అక్కడ దొరుకుతుంది.

రెండోసారి మొదలుపెట్టే ముందు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని పాత పేపర్లు రాశాను. తప్పు పోయిన ప్రతి ప్రశ్ననూ మూడు కుప్పల్లో ఏదో ఒక దాంట్లో వేశాను: విషయమే తెలియనివి, సూత్రం తెలిసినా లెక్క తప్పినవి, ప్రశ్న సరిగ్గా చదవక పోయినవి. మొదటి కుప్పే పెద్దదవుతుందనుకున్నాను. కానీ రెండోది పెద్దదైంది. పదో తరగతితో లెక్కలు ఆపేసినవాళ్లం మనం, పైగా పరీక్షలో కాలిక్యులేటర్ ఇవ్వరు. 4 రావాల్సిన చోట లెక్క తప్పి మైనస్ 1 పడితే తేడా 5 మార్కులు. అందుకని మొదటి మూడు వారాలు రోజూ ఒక గంట లెక్కలకే ఇచ్చాను. 10కి ఘాతాలు, వర్గమూలాలు సుమారుగా కట్టడం, సైన్ కాస్ విలువలు, లాగరిథమ్, కొంచెం డిఫరెన్షియేషన్. సిలబస్‌లో అధ్యాయంగా ఎక్కడా కనపడని ఈ పనే నీ మొదటి అధ్యాయం.

గ్రాఫుల గురించి విడిగా చెప్పాలి. వేగం-కాలం గ్రాఫులో వాలు త్వరణం, గీత కింద వైశాల్యం స్థానభ్రంశం. ఇది చలనం పాఠంలో నేర్చుకుని అక్కడే వదిలేస్తాం. అదే వైశాల్యం బలం-స్థానభ్రంశం గ్రాఫులో పని అవుతుంది, పీడనం-ఘనపరిమాణం గ్రాఫులో వాయువు చేసిన పని అవుతుంది. కాంతి విద్యుత్ ఫలితంలో గరిష్ఠ గతిశక్తిని పౌనఃపున్యంతో గీస్తే వాలు ప్లాంక్ స్థిరాంకం. వాలు, వైశాల్యం చూడటం ఒక్కసారి గట్టిగా పట్టుబడితే నాలుగు అధ్యాయాల్లో పనికొస్తుంది. వరస పెట్టుకునేటప్పుడు, ఇది నేర్చుకుంటే ఇంకెన్ని పాఠాల్లో పని తగ్గుతుంది అని అడుగు. గురుత్వాకర్షణ, స్థిర విద్యుత్తు రెండిట్లోనూ బలం దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. అవి రెండేళ్ల పుస్తకాల్లో విడివిడిగా ఉంటాయి గానీ, పక్కపక్కన పెట్టి చదివితే రెండోది సగం సమయంలో అవుతుంది. సరళహరాత్మక చలనం వచ్చాక తరంగాలు, ఆ తర్వాత ఏసీ కరెంట్ పెట్టుకో.

ఏ యూనిట్ నుంచి ఎన్ని ప్రశ్నలొస్తాయో చెప్పే వెయిటేజీ జాబితాలు చూడొద్దని చెప్పను, నేనూ చూశాను. కానీ 45 ప్రశ్నలు 20 యూనిట్లలో సర్దాలి. చాలా యూనిట్లకు వచ్చేవి రెండో మూడో. నువ్వు పెట్టాల్సిన గంటల్లో తేడా మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. భ్రమణానికి నాకు ఏడు వారాలు పట్టింది, అర్ధవాహకాలకు ఆరు రోజులు. జాబితాలో రెండూ దాదాపు ఒకే స్థాయిలో కనపడతాయి.

మరి భ్రమణం వదిలేయాలా? పూర్తిగా వద్దు. రింగు, డిస్కు, గోళం లాంటి వాటి జడత్వ భ్రామకాలు, కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం, వాలుతలం మీద దొర్లడం చూసుకో. ఘనగోళం ముందు, డిస్కు తర్వాత, రింగు చివర కిందికి చేరతాయి. ఎందుకో నీ మాటల్లో చెప్పగలిగితే చాలు. కప్పీలు, తాళ్లు కలిపి మూడు సమీకరణాలు కట్టే లెక్కలు నేను రెండోసారి ముట్టుకోలేదు. టైమ్ మిగిలితే అప్పుడు చూడు.

కోఠిలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పాత గైడ్లు కొంటే ఒక జాగ్రత్త. 2024 పరీక్షకు సిలబస్ మారింది, కొన్ని అంశాలు తీసేశారు. ప్రయోగ నైపుణ్యాల యూనిట్ విడిగా పెట్టారు. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజ్ లాంటివి అందులోకి వస్తాయి. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) సిలబస్ ప్రింట్ తీసుకుని, అందులో లేని పాఠాలను పుస్తకంలో ముందే కొట్టేయ్. లేని పాఠం మీద ఒక్క సాయంత్రం పోయినా నీకు నష్టమే.

సమయం విషయానికొస్తే, నేను రాసినప్పుడు 180 ప్రశ్నలకు 3 గంటలు. మధ్యలో కొన్నేళ్లు పద్ధతి మారినా 2025 నుంచి మళ్లీ అదే. అంటే ప్రశ్నకు ఒక్క నిమిషమే. అందుకే చివరి రెండు నెలల్లో కొత్త అధ్యాయం ఏదీ మొదలుపెట్టకు, పేపర్లు రాయి.

ఈ ఆదివారం షాపు మూశాక పాత పేపర్‌లో ఫిజిక్స్ 45 ప్రశ్నలూ గడియారం పెట్టుకుని రాయి. మూడు కుప్పల్లో ఎన్నెన్ని పడ్డాయో చెబితే, నీకు ఏ అధ్యాయం ముందో ఇంకా కచ్చితంగా చెప్తాను.