ఐనాచురలిస్ట్‌లో పాత ఫొటోలు ‘క్యాజువల్’లోనే ఆగిపోతుంటే

అన్నా, నల్గొండ దగ్గరి ఉదయసముద్రం చెరువు దగ్గర ఇరవై ఏళ్లుగా తీసిన పక్షుల ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో, అంటే జీవుల ఫొటోలు పెట్టి అందరూ కలిసి పేర్లు గుర్తించే సైట్‌లో పెడితే, అన్నీ ‘క్యాజువల్’ అనే మామూలు స్థాయిలోనే ఆగిపోతున్నాయి, ఒక్కటీ పరిశోధనకు పనికొచ్చే రీసెర్చ్ గ్రేడ్‌కు పోవట్లేదన్నారు కదా, తప్పు మీ గుర్తింపులో లేదు. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో తేదీ, లొకేషన్ రెండూ ఎగిరిపోతాయి, అవి లేకుంటే మీరు చెప్పిన పేరుకు ఎంతమంది ఒప్పుకున్నా ఆ గ్రేడ్ రాదు. ఎడిట్‌లోకి వెళ్లి మీ నోటుబుక్‌లో ఉన్న తేదీ వేయండి, మ్యాప్‌లో చెరువు కట్ట మీద పిన్ పెట్టండి, సరిగ్గా ఎక్కడో గుర్తులేకపోతే పిన్ చుట్టూ కనిపించే వృత్తాన్ని చెరువంతా కప్పేలా పెంచండి, కానీ తేదీ మాత్రం అంచనాతో వేయకండి. మీ నీటికాకి ఫొటో పెద్దది చేసి చూశాను, ముక్కు బాగా పొట్టిగా ఉంది, చిన్న నీటికాకే. ఫొటోల్లేని పాత జాబితాలు పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో ‘హిస్టారికల్’ కింద ఎక్కించవచ్చు. ముందు నోటుబుక్ పేజీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, నాది ఒకటి వానకు తడిసి సిరా అంతా కరిగిపోయింది, ఇప్పటికీ బాధే.