డాక్టర్ సలహా: పొడుగు గోల్ఫ్ కర్ర వల్లేనా ఈ నడుం నొప్పి?

ప్రశ్న: మాది మర్రిగూడ దగ్గర పల్లె. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడుపుతున్నాను. వయసు 54, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. బీపీకి మాత్ర వేసుకుంటాను. ఆదివారాలు మిత్రులతో హైదరాబాద్ వెళ్లి గోల్ఫ్ ఆడతాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి 46 అంగుళాల డ్రైవర్ (బంతిని దూరం కొట్టే పొడవాటి గోల్ఫ్ కర్ర) తెచ్చిచ్చాడు. అది వాడటం మొదలుపెట్టినప్పటి నుంచి నడుం కుడివైపు పట్టేస్తోంది. ఎడమ మోచేయి బయటివైపు కూడా నొప్పే. నా ఎత్తుకు అంత పొడుగు పనికిరాదు, షాఫ్ట్ (కర్ర కాడ) రెండంగుళాలు కోయించమని మిత్రులు అంటున్నారు. కోయించమంటారా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఇప్పుడే కోయించకండి. ముందు నడుం చూపించుకోండి, కర్ర సంగతి తర్వాత చూద్దాం.

మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది 46 అంగుళాల దగ్గర కాదు, మర్రిగూడ దగ్గర. ఇప్పుడు ఇంటింటికీ కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, మీ వయసు వాళ్లు చిన్నప్పుడు తాగింది ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లో బావి నీళ్లు, బోరు నీళ్లే కదా. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నుపూసల చుట్టూ ఉండే లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) గట్టిపడిపోతాయి. దీన్నే ఫ్లోరోసిస్ అంటాం. పైకి మనిషి బాగానే కనిపిస్తాడు, నడుస్తాడు, మిల్లు నడుపుతాడు. నడుం తిప్పాల్సి వచ్చినప్పుడే ఆ బిగుతు బయటపడుతుంది. గోల్ఫ్‌లో ఉన్నదంతా ఆ తిప్పడమే.

ఇంట్లోనే చూసుకోండి. నేల మీద రూపాయి బిళ్ల వేసి, మోకాళ్లు వంచకుండా తీయండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించండి. చేతులు పక్కలకు చాపి, మోచేతులు మడిచి తల వెనక తాకించండి. వీటిలో ఏది కుదరకపోయినా ఫ్లోరోసిసే అని భయపడక్కర్లేదు, 54 ఏళ్ల వయసులో మామూలు బిగుతు కూడా ఉంటుంది. కానీ నడుం, మోచేయి ఎక్స్‌రేలు తీయించి ఎముకల డాక్టర్‌కు చూపించాలి.

ఇక షాఫ్ట్ విషయం. మీ మిత్రుల మాట సగమే నిజం. డ్రైవర్ పొడుగు ఎత్తును బట్టి మాత్రమే తేల్చేది కాదు. నిటారుగా నిలబడితే మణికట్టు నుంచి నేలకు ఎంత దూరం ఉందన్నది ముఖ్యం. అంతకన్నా ముఖ్యం, బంతి క్లబ్ (గోల్ఫ్ కర్ర) ముఖం మీద, అంటే దాని తలలో బంతికి తగిలే వైపున, ఎక్కడ తగులుతోందన్నది. ఆట నిబంధనల ప్రకారం డ్రైవర్ 48 అంగుళాల వరకు ఉండొచ్చు; పెద్ద పోటీల్లో 46కు పరిమితం చేసే వెసులుబాటు 2022లో వచ్చింది. షాపుల్లో దొరికేవి చాలావరకు 45.5 అంగుళాలకు అటూఇటూ ఉంటాయి. రోజూ ఆడే ప్రొఫెషనల్ ఆటగాళ్లలో చాలామంది అంతకన్నా పొట్టివే వాడతారు. అమెరికా ఆటగాడు రికీ ఫౌలర్ ఒక దశలో 43.5 అంగుళాలకు దిగాడు. పొడుగు పెరిగితే వేగం పెరిగే మాట నిజమే, కానీ బంతి నడిమధ్యలో తగలకపోతే ఆ వేగం వృథా.

గెడకర్ర చివర కొడవలి కట్టి మామిడికాయలు కోసిన వాళ్లకు తెలుస్తుంది, కర్ర ఒక మూర పెరిగితే అదే కొడవలి ఎంత బరువనిపిస్తుందో. మీ నడుం మీద పడేదీ అలాంటి భారమే. కుడిచేతి వాటం ఆటగాడు బంతి కొట్టాక ఒళ్లు కుడివైపుకు వంగుతూనే ఎడమవైపుకు తిరుగుతుంది, అక్కడే కుడి నడుం నలుగుతుంది. బంతి అంచున తగిలితే క్లబ్ చేతిలో మెలితిరుగుతుంది. దాన్ని ఆపడానికి పిడి బిగిస్తారు, ఆ బిగింపు ఎడమ మోచేయికి చేరుతుంది. గ్రిప్ (పిడి మీది తొడుగు) నున్నగా అరిగి ఉంటే ఇంకా బిగిస్తారు.

అయితే నేరమంతా కర్ర మీదే తోసేయలేం. మిర్యాలగూడ నుంచి దాదాపు మూడు గంటలు కారులో కూర్చుని, దిగీదిగగానే డ్రైవర్ తీసి బలంగా కొడుతున్నారా? ఈ ముక్క మీరు రాయలేదు, నా దగ్గరకొచ్చే ఆదివారం ఆటగాళ్లలో చాలామంది చేసేది అదే. దారిలో ఒకసారి ఆగి నాలుగడుగులు వేయండి. కోర్సులో పావుగంట నడిచి, నడుం మెల్లగా తిప్పి, చిన్న క్లబ్బులతో మొదలుపెట్టండి.

రెండు మూడు వారాలు డ్రైవర్ ముట్టుకోకండి. పటింగ్ (బంతిని గుంటలోకి దొర్లించడం), చిప్పింగ్ (దగ్గర నుంచి మెల్లగా లేపి కొట్టడం) నొప్పి లేకపోతే చేసుకోవచ్చు. నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కుని రోజూ మింగడం మీకు అసలే వద్దు, అవి బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

నొప్పి తగ్గాక అదే డ్రైవర్‌ను పైనుంచి ఒక అంగుళం వదిలి కిందకు పట్టుకోండి. బంతి మీద, క్లబ్ తగిలే వైపున వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి కొడితే, ఎక్కడ తగిలిందో క్లబ్ ముఖం మీద మచ్చ పడుతుంది. పది పన్నెండు బంతులు అలా కొట్టి, మామూలుగా పట్టుకున్నప్పుడు పడ్డ మచ్చలతో పోల్చండి. మచ్చలు మధ్యలోకి చేరి, మర్నాడు నడుం పట్టకపోతే అప్పుడు కోయించే ఆలోచన చేయండి. అదీ ఒక్క అంగుళమే, గ్రిప్ వైపు నుంచే, క్లబ్ ఫిట్టింగ్ తెలిసినవాళ్ల దగ్గరే. అంగుళం తగ్గితే క్లబ్ తల తేలికైనట్టు, షాఫ్ట్ బిర్రుగా అయినట్టు అనిపిస్తుంది, తలకు కొన్ని గ్రాముల బరువు కలపాల్సి రావచ్చు. రెండంగుళాలు ఒకేసారి కోస్తే అది వేరే కర్ర అయిపోతుంది. అబ్బాయి కూడా నొచ్చుకుంటాడు.

నొప్పి కాలిలోకి పాకినా, పాదం మొద్దుబారినా, ఆదివారం దాకా ఆగకుండా డాక్టర్‌ను కలవండి. మూత్రం మీద అదుపు తప్పితే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

– ఎముకల వైద్య నిపుణుడు, నల్లగొండ