కొత్త కార్లలో డ్రైవింగ్ మజా పోయిందా? మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ వెళ్ళేవాళ్ళకి నా మాట

మీ ప్రశ్న: పదేళ్ళ నాటి మాన్యువల్ హ్యాచ్‌బ్యాక్ అమ్మేసి ఆటోమేటిక్ ఎస్‌యూవీ కొందామనుకుంటున్నారు, ఇల్లు బెంగళూరు మారతహళ్ళి, ఆఫీసు అక్కడే ఎలక్ట్రానిక్ సిటీ, కొత్త కార్లలో మజా లేదని ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా అని.

మజా సంగతి తర్వాత. రోజూ సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటే మనిషిని క్లచ్ తొక్కుతూ ఉండమని చెప్పి ఆ పాపం నేను మూటగట్టుకోలేను. ఆటోమేటిక్కే తీసుకోండి. డీజిల్ మాత్రం వద్దు. బీఎస్6 అనే కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఒకటుంటుంది, ఆ మసి కాలి బూడిదవ్వాలంటే బండి కాసేపు ఆగకుండా ఒక వేగంలో పరుగెత్తాలి. మీ రూటులో ఆ భాగ్యం ఆదివారం తెల్లవారుజామున తప్ప దొరకదు.

ఇక పాత కార్లే నయం అనేవాళ్ళ మాట. నాది మదనపల్లె, మా నాన్న మారుతి 800 మీద నేర్చుకున్నా. 796 సీసీ ఇంజన్, పవర్ స్టీరింగ్ లేదు, చలికాలం పొద్దున చోక్ లాగితే గానీ స్టార్ట్ అయ్యేది కాదు. ఇష్టం ఉంది కానీ గొప్ప బండి అని చెప్పలేను, ఎందుకంటే దేన్నయినా గుద్దితే మన మోకాళ్ళకీ ఇంజనుకీ మధ్య పెద్దగా ఏమీ లేదు. 2014లో కార్లని గుద్దించి భద్రతకి స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దగ్గర అమ్మే ఐదు చిన్న కార్లని గుద్ది చూస్తే ఐదింటికీ సున్నా స్టార్లు. ఇప్పుడు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) 2019 నుంచి తప్పనిసరి, 2023లో మనకంటూ భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది, చాలా బళ్ళకి ఐదు స్టార్లు వస్తున్నాయి. కాబట్టి పాతదే గట్టి ఇనుము అనే పెదనాన్నల మాట నమ్మకండి.

నాకు కడుపుమంట కార్ల మీద కాదు, వాటి అండ చూసుకుని మనం నేర్చుకోవడం మానేసినందుకు. పాత బండి ఏం చేస్తోందో కాళ్ళకీ చేతులకీ తెలిసేది. కొత్తది అన్నీ తనే చూసుకుంటుంది, మనం కూర్చుని ఫోన్లో రీల్స్ చూస్తాం.

ఒక సంగతి చెప్తా. మొన్న సంక్రాంతికి చిత్తూరు పోతున్నాం, బండి మా బామ్మర్దిది, కొత్త ఆటోమేటిక్. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతుంటే లోపలికి ఏదో మాడిన వాసన. మావాడేమో "ముందు పోయే లారీది బావా" అంటాడు. చూస్తే గేరు డీలో (కారే గేర్లు మార్చుకునే చోట) ఉంది, కాలు బ్రేకు మీంచి తియ్యడం లేదు. వెడల్పుగా ఉన్నచోట ఆపించి దిగి ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే పొయ్యి ముందు పెట్టినట్టు సెగ. ఇంకొంచెం దూరం అలాగే దిగి ఉంటే పెడల్ మెత్తబడి, ఎంత తొక్కినా బండి ఆగని పరిస్థితి వచ్చేది, అక్కడేమో లారీలు వరసగా దిగుతుంటాయి. అరగంట ఆగి, మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు వేయించా. ఇంజనే పట్టి ఉంచింది, బ్రేకు అప్పుడప్పుడు తాకితే చాలు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు అని లారీ డ్రైవర్లు ఎప్పుడో చెప్పిన ముక్క. మావాడికి ఆ కారులో సన్‌రూఫ్ నోటితో చెప్పి తెరవడం వచ్చు, గేరు కిందికి దించొచ్చని మాత్రం తెలీదు.

ఏబీఎస్ కూడా అంతే. అది పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద గడగడ కొట్టుకుంటుంది, ఏదో విరిగిందని భయపడి కాలు తీసేసేవాళ్ళున్నారు. తియ్యకూడదు, ఇంకా గట్టిగా తొక్కి స్టీరింగ్ తిప్పుకోవాలి. ఖాళీ రోడ్డు మీద ఒక్కసారి ప్రయత్నించి చూడండి, వెనకాల ఎవరూ లేరని చూసుకున్నాకే సుమా.

టచ్ స్క్రీన్ల మీద మాత్రం నాకు నిజంగానే కోపం. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద మే నెల వానలో అద్దం మంచు పట్టినట్టు మసకేసింది, గాలి అద్దం మీదికి తిప్పే బొమ్మేమో నా కారులో స్క్రీన్ రెండో పేజీలో ఉంది. పక్కన బస్సు, ముందు బైకు, నేను పేజీలు తిప్పుతున్నా. నాన్న బండిలో దానికొక మీట ఉండేది, చూడకుండా జరిపేవాళ్ళం. 2026 నుంచి యూరో ఎన్‌క్యాప్ ఇండికేటర్, హారన్, వైపర్ లాంటివాటికి విడిగా బటన్లు లేకపోతే మార్కులు కోస్తానంటోంది, మంచి పని.

అడాస్ (ముందు బండిని చూసి తనే వేగం, బ్రేకు సర్దుకునే ఏర్పాటు) ఉన్నది తీసుకుంటే హైవేలో వాడండి. ఔటర్ రింగ్ రోడ్డులో అది ముందు బండికి ఖాళీ వదులుతుంది, ఆ ఖాళీలో ఒక ఆటో, రెండు బైకులు దూరతాయి, బండి మళ్ళీ బ్రేకు వేస్తుంది, వెనకవాడు హారన్ మోగిస్తాడు. తిట్లు తినేది మీరు.

అన్నట్టు సీటు బెల్టు అలారం నోరు మూయించే క్లిప్పులు, 2023లో వినియోగదారుల రక్షణ అథారిటీ ఆన్‌లైన్లో అమ్మొద్దని ఆర్డరేసినా నేను ఎక్కే క్యాబుల్లో ఇంకా కనబడుతూనే ఉన్నాయి. బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగ్ మొహానికి ఎదురొస్తే అది కాపాడదు, కొడుతుంది. వెనక సీట్లో అమ్మానాన్నలకి కూడా పెట్టించండి. ఊరికే నలిగిపోతుందమ్మా చీర అంటారు, వినకండి.

టెస్ట్ డ్రైవ్ ఆదివారం పొద్దున ఇస్తామంటారు, వద్దనండి. వర్కింగ్ డే సాయంత్రం ఆరున్నరకి అడిగి, బెళ్లందూరు దాకా తీసుకెళ్ళి, అక్కడ ట్రాఫిక్‌లో ఏసీ ఎలా తగ్గించాలో రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చేసి చూపించమని సేల్స్ కుర్రాడికే స్టీరింగ్ ఇవ్వండి.