ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను, జనరల్ సర్జరీ పీజీకి పోటీ పడగలనా?

ప్రశ్న అడిగిన తమ్ముడు తన మార్కులు అంతంతమాత్రమేనని, రిసెర్చ్ పేపరు ఒక్కటీ లేదని బెంగపడుతున్నాడు. ముందు ఆ బెంగ వదిలెయ్యి. పేపర్లు, సిఫారసు ఉత్తరాలు, ఇంటర్వ్యూలు అమెరికా రెసిడెన్సీకి, అంటే అక్కడి పీజీకి కావాలి. ఇక్కడ నీట్ పీజీ ర్యాంకో, ఎయిమ్స్ లాంటి చోట్లకైతే ఐఎన్ఐ సెట్ ర్యాంకో, అంతే. అక్కడి సలహాల వీడియోలు చూసి మన పిల్లలు ఫైనల్ ఇయర్‌లో కేస్ రిపోర్టుల కోసం తిరుగుతుంటే నాకు బాధేస్తుంది.

ర్యాంకు సంగతి చెప్తాను. 200 ప్రశ్నలు, 800 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. 2024 నుంచి 40 ప్రశ్నలకి 42 నిమిషాల చొప్పున ముక్కలు చేశారు, ఒక ముక్క టైమ్ అయిపోతే మళ్లీ వెనక్కి వెళ్లనివ్వరు. గ్రాండ్ టెస్టులు, అంటే పూర్తి నమూనా పరీక్షలు కూడా అలాగే రాయి. వాటిలో బాగా వచ్చిన ఒక్కదాన్నీ పట్టుకోకు. చివరి నాలుగైదింటి సగటు తీసి, నిరుటి కౌన్సెలింగ్ క్లోజింగ్ ర్యాంకుల (చివరి సీటు వచ్చిన ర్యాంకుల) పక్కన పెట్టి చూసుకో. రేడియాలజీ, డెర్మటాలజీ, మెడిసిన్ ముందే అయిపోతాయి, సర్జరీ ఇంకాస్త కిందిదాకా దొరుకుతుంది. పెద్ద ఆస్పత్రుల్లో ఉండే డీఎన్‌బీ పీజీ సీట్లు కూడా లెక్కలో వేసుకో, చాలామంది మర్చిపోతారు.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఎంబీబీఎస్ బరంపురంలో. ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉండే మా పిన్ని ఇప్పటికీ "ఆంధ్రా కోటాలో వేసుకోవాల్సింది నాయనా" అంటుంది. ఆంధ్రా మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్నా ఆ కోటా మనకి రాదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా పీజీ సీట్లలో నివాసాన్ని బట్టి రిజర్వేషన్ చెల్లదని, ఎంబీబీఎస్ చదివిన చోటుని బట్టి కొంత ప్రాధాన్యం ఇవ్వొచ్చని చెప్పింది. సరిహద్దు పిల్లలు ఇది ముందే తెలుసుకోవాలి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ర్యాంకుతో సీటు వస్తుంది గానీ, నువ్వు సర్జరీకి పనికొస్తావో లేదో ఇంటర్న్‌షిప్‌లోనే తెలుస్తుంది.

నా సర్జరీ పోస్టింగ్ రెండో వారంలో ఒక రాత్రి, ఆర్.ఉదయగిరి వైపు కొండ ఊరి నుంచి ఒక సవర పెద్దాయన్ని తెచ్చారు. మూడు రోజులుగా కడుపునొప్పి. ఆయనకి సవర భాష తప్ప రాదు, కూతురికి కొద్దిగా ఒడియా వచ్చు. పొట్ట మీద చెయ్యి పెడితే చెక్కలా బిగుసుకుపోయి ఉంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో డయాఫ్రమ్ కింద నల్లటి నెలవంక. పెర్ఫొరేషన్, అంటే పేగుకి కన్నం పడి గాలి బయటికొచ్చింది. ఒంటిగంటకి పొట్ట తెరిచారు. డుయోడినమ్‌కి, అంటే చిన్నపేగు మొదటి భాగానికి, కందిగింజంత కన్నం. పేగుల ముందు వేలాడే ఒమెంటం అనే కొవ్వు పొర దాని మీదకి లాగి కుట్టారు, నీళ్లు తేటగా వచ్చేదాకా సెలైన్‌తో కడిగారు. అంతసేపూ కోతని తెరిచి పట్టే రిట్రాక్టర్ నా చేతిలోనే. భుజం తిమ్మిరెక్కిపోయింది. నా పక్కనున్న ఇంకో ఇంటర్న్, మా బ్యాచ్‌లో ఎప్పుడూ ఫస్ట్ వచ్చేవాడు, గోడ గడియారం వైపే చూస్తున్నాడు. నేను గడియారం చూసేసరికి మూడు దాటింది. చర్మానికి కుట్లు నన్ను వెయ్యమన్నారు పీజీ సార్. మొదటి ముడి జారింది. కత్తిరించి మళ్లీ వెయ్యమన్నారు. రెండోదీ జారింది. మూడోది నిలిచింది. పదో రోజున ఆ కుట్లు తీసింది కూడా నేనే.

గడియారం చూసిన ఆ స్నేహితుడు నాకంటే మంచి ర్యాంకుతో సర్జరీలో చేరి, ఐదో నెలలో వదిలేశాడు. తెలివికి లోటు లేదు, ఇప్పుడు పాథాలజీలో చాలా బాగా రాణిస్తున్నాడు. కానీ ఏడాది పోయింది, ఇంట్లోవాళ్ల టెన్షన్ చెప్పనక్కర్లేదు. ఎన్ని గ్రాండ్ టెస్టులు రాసినా తేలనిది ఆ పోస్టింగ్‌లో తేలిపోతుంది. నేను చూసినంతలో దీనికి మినహాయింపు లేదు. ఇప్పుడు సర్జరీకి ఇచ్చేదే ఆరు వారాలు. అది కూడా ఎగ్గొట్టి లైబ్రరీలో ప్రశ్నలు బట్టీపడుతున్నారు, అడిగేవాళ్లు లేరు. నువ్వు ఆ పని చెయ్యకు. రాత్రి డ్యూటీలు అడిగి మరీ వేయించుకో. తెల్లారాక నిద్ర ముంచుకొస్తున్నా, ఆపరేషన్ అయినవాళ్ల మంచం దగ్గరికి ఇంకోసారి వెళ్లి చూడాలనిపిస్తోందా లేదా గమనించుకో. అనిపిస్తే ర్యాంకు కాస్త తగ్గినా ఇంకో ఏడాది కూర్చుని చదువు, బ్రాంచి మార్చుకోకు.

పోస్టింగ్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈరోజే దారం తెచ్చుకుని హాస్టల్ మంచంకోడుకి ముడులు వెయ్యడం మొదలుపెట్టు, ఎడమ చేత్తో కూడా.